దొంగ వెంట పరిగెత్తిన హెడ్డుగారు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

1951 నాటి ఇటాలియన్ సినిమా ‘గ్వార్దియె ఎ లాద్రి’ గురించి ఈ నెల చాలా ఉత్తరాలు వచ్చాయి. పేరుకు అర్థం ‘పోలీసులూ దొంగలూ’. అక్కడి పిల్లలు వీధుల్లో ఆడుకునే ఆట పేరది, మన దొంగా పోలీసు ఆటే అనుకోండి. ఇంగ్లీషులో ‘కాప్స్ అండ్ రాబర్స్’ పేరుతో తిరుగుతోంది. దర్శకులు ఇద్దరు: మారియో మొనిచెల్లి, స్తెనో. ఒకే తరహా ప్రశ్నలను ఒకచోట చేర్చి జవాబు రాశాం. కథ ముగింపు కూడా ఇందులో ఉంది కాబట్టి ముందు సినిమా చూడాలనుకునేవారు మొదటి జవాబు వదిలేసి చదవండి.

ప్రశ్న: ఇది హాస్య చిత్రమా, కన్నీళ్ల చిత్రమా? కథ క్లుప్తంగా చెప్పగలరా? (ఒక పాఠకురాలు, తెనాలి)

రెండూ. అసలు ఒకటి నుంచి రెండోదానికి ఎప్పుడు జారామో తెలియనివ్వకపోవడమే ఈ సినిమా పనితనం.

రోమ్‌లో ఫెర్దినాందో ఎస్పొజితో అనే చిల్లర మోసగాడు. రోమన్ ఫోరమ్ శిథిలాల దగ్గర అమిల్కారే అనే తోడు దొంగతో కలిసి నాటకమాడి, ఒక అమెరికన్‌కు నకిలీ పాత నాణెం అంటగడతాడు. ఇలాంటి సరుకును ఇటాలియన్లు ‘పతాక్కా’ అంటారు. కొన్నాళ్లకు పేదలకు సహాయం పంచుతున్నారని విని, పిల్లల్ని వెంటబెట్టుకుని వరుసలో నిలబడతాడు. పంచే పెద్దమనిషి ఎవరో కాదు, ఆ అమెరికనే. గుర్తుపట్టేస్తాడు. ఎస్పొజితో పరుగు లంకించుకుంటాడు. అతని వెనక లొరెంజో బొత్తోని అనే లావుపాటి పోలీసు. ఎలాగో పట్టుకుంటాడు గానీ దొంగ చేతిలోంచి జారిపోతాడు. అమెరికన్ ఊరుకోడు. పైఅధికారులు బొత్తోనిని సస్పెండ్ చేస్తారు. మూడు నెలల్లో దొంగను తెచ్చి అప్పగించకపోతే ఉద్యోగం ఊడుతుంది.

ఇంట్లో ఈ సంగతి చెప్పలేడు. మామూలు బట్టల్లో తిరుగుతూ, దొంగ ఇంటి ఆచూకీ పట్టి, ఆ కుటుంబంతో స్నేహం కలుపుతాడు. స్నేహం నిజంగానే ముదురుతుంది. ఆడవాళ్లు దగ్గరవుతారు, బొత్తోని కూతురూ ఎస్పొజితో బావమరిదీ ఒకరినొకరు ఇష్టపడతారు. రెండు కుటుంబాలూ భోజనానికి కలిసిన రోజున ఇద్దరు మగవాళ్లూ ఎదురుపడతారు. ఇన్నాళ్లూ వేటాడిన పోలీసుకు చేయి రాదు. ఇన్నాళ్లూ పారిపోయిన దొంగే ‘పద, నన్ను తీసుకెళ్లు’ అని బలవంతం చేస్తాడు. ఇంట్లోవాళ్లకు మాత్రం పని మీద ఊరెళ్తున్నానని చెబుతాడు. అతని సంసారాన్ని కనిపెట్టుకునే బాధ్యత బొత్తోని మీద పడుతుంది.

ఇద్దరూ ఇంటి దగ్గర ఒకే అబద్ధం ఆడుతున్నారని గమనించండి. తన పనేమిటో ఒకడు చెప్పడు, ఆ పని పోబోతోందని మరొకడు చెప్పడు. ఇద్దరికీ జైలు భయం, పైఅధికారి భయం ఆ తర్వాతే. ముందున్నది గడప లోపలివాళ్ల ముందు తల వంచాల్సి వస్తుందన్న భయం. సినిమా మొత్తం ఈ ఇరుసు మీదే తిరుగుతుంది.

ప్రశ్న: సబ్‌టైటిళ్లలో కథానాయకుడిని మాటిమాటికీ ‘బ్రిగేడియర్’ అంటున్నారు. అంత పెద్ద సైన్యాధికారి జేబుదొంగ వెంట పరిగెత్తడమేమిటి? (ఒక పాఠకుడు, నిజామాబాద్)

పొరపాటు మీది కాదు, ఆ సబ్‌టైటిల్ రాసినవారిది. ఇటాలియన్‌లో ‘బ్రిగాదియెరె’ చిన్న హోదా. మామూలు గార్డుకు పైన, ‘మరెష్యాల్లో’కు కింద ఉంటుంది. మన స్టేషన్లలో హెడ్ కానిస్టేబుల్, ఏఎస్సైల దరిదాపు అనుకోవచ్చు. తెలుగు చేసేవారు ‘హెడ్డుగారు’ అంటే చాలు, ప్రేక్షకుడికి మనిషి కళ్లముందు కడతాడు. ‘బ్రిగేడియర్’ అని ఉంచితే కథ తలకిందులవుతుంది. ఉద్యోగం పోతే రేపు ఇల్లు గడవని మనిషి ఇతను.

ఇంకో సంగతి. ఇతను కరబినియేరి కాదు. అది రక్షణ శాఖ కిందికి వచ్చే దళం. బొత్తోని పనిచేసేది హోంశాఖ కింద ఉన్న ‘పుబ్లికా సికురెజ్జా’ గార్డుల దళంలో. 1981 సంస్కరణలతో అదే నేటి ఇటలీ జాతీయ పోలీసు దళంగా మారింది. ‘బొత్తోని’ అంటే గుండీలు అని అర్థం. గుండీల యూనిఫారం విప్పేసి సగం సినిమా తిరిగే మనిషికి ఆ పేరు పెట్టారు.

ప్రశ్న: ఆ పరుగు సన్నివేశాన్ని అంతగా పొగుడుతారెందుకు? ఇద్దరు మనుషులు పరిగెత్తడమే కదా? (డిగ్రీ విద్యార్థి, అనంతపురం)

అవును, అంతే. కాకపోతే ఎవరు పరిగెత్తుతున్నారో చూడండి. దొంగగా వేసిన తోతో (అసలు పేరు అంతోనియో దె కుర్తిస్, 1898లో నేపుల్స్‌లో పుట్టాడు) ఎముకల గూడు. వంకర దవడ, కీలుబొమ్మలా కదిలే మెడా మోచేతులూ. పోలీసుగా వేసిన ఆల్దో ఫబ్రీజి రోమ్‌వాడు, భారీకాయుడు. 1945 నాటి ‘రోమ్, ఓపెన్ సిటీ’లో పాదిరీ దోన్ పియెత్రోగా చూసి ఉంటారు. పరుగు కార్లతో మొదలై, కాళ్ల మీదికి వచ్చి, ఊరు దాటి బయలు ప్రదేశంలోకి చేరుతుంది. అక్కడ ఇద్దరికీ ఊపిరి అయిపోతుంది.

హాస్యం పుట్టేది పరుగులో కాదు, పరుగు ఆగాక. ఇద్దరి మధ్యా కొంత దూరం. దాన్ని దాటే ఓపిక పోలీసుకు లేదు, పెంచే ఓపిక దొంగకు లేదు. వగరుస్తూనే బేరాలు మొదలవుతాయి: లొంగిపో అని ఒకడు, వదిలేయమని ఇంకొకడు. కాల్చేస్తానని బెదిరింపు, గాల్లోకి తూటా. ఒకడు అడుగేస్తే రెండోవాడు అడుగేస్తాడు. ఒకడు ఆగితే రెండోవాడూ ఆగుతాడు. ఇలా పది నిమిషాలు ఎదురెదురుగా నిలబడ్డ మనుషులు ఇక ఒకరికొకరు పూర్తిగా కొత్తవాళ్లు కాలేరు. భోజనాల సన్నివేశానికి విత్తనం పడింది ఇక్కడే.

నటన నేర్చుకునేవారు ఒకసారి శబ్దం ఆపి చూడండి. తోతో అలసటను ముఖంలో కంటే మోకాళ్లలో చూపిస్తాడు. ఫబ్రీజి భుజాల్లో చూపిస్తాడు. ఛాయాగ్రాహకుడు మారియో బావా. తర్వాత భయానక చిత్రాల దర్శకుడిగా పేరు తెచ్చుకున్నది ఇతనే.

ప్రశ్న: మా ఊళ్లో పదిహేనుమంది కలిసి నెలకో సినిమా వేసుకుంటాం. ఈ సినిమాను తెలుగు సబ్‌టైటిళ్లతో వేయాలని ప్రయత్నిస్తే మొదట బాగానే ఉండి, పోనుపోను మాటకూ అక్షరానికీ పొంతన తప్పింది. తెలుగు అక్షరాలు కూడా విడివిడిగా పడ్డాయి. ఏం చేయాలి? (ఒక ఫిల్మ్ క్లబ్, హనుమకొండ)

మీ ఇబ్బందులు రెండు, కారణాలు కూడా వేరువేరు. వాటితోపాటు, మీరు పంపిన ఫోటోలో మరొకటి కనిపించింది. అదీ చెబుతాం.

మొదట పొంతన సంగతి. సినిమా తీసింది సెకనుకు 24 ఫ్రేములతో. యూరప్ టీవీ పద్ధతి సెకనుకు 25. అందుకని యూరప్ డీవీడీల్లో సినిమాను కాస్త వేగంగా నడిపిస్తారు. 100 నిమిషాల సినిమా 96 నిమిషాల్లో అయిపోతుంది, గొంతులు కూడా కొంచెం సన్నబడతాయి. మీ వీడియో 25 ఫ్రేములది, సబ్‌టైటిల్ ఫైలు 24 ఫ్రేములకు కొలిచింది అయితే మొదటి మాట కుదురుతుంది, పదో నిమిషానికి 24 సెకన్లు తేడా వస్తుంది, 50వ నిమిషంలో రావాల్సిన మాట వీడియోలో 48కే వచ్చేస్తుంది. తేడా ఇలా పెరుగుతూ పోతోందంటే అది ఫ్రేముల గొడవే. మొదటి నుంచి చివరిదాకా ఒకే తేడా ఉంటే అది ఆలస్యం మాత్రమే.

ఆలస్యమైతే వీఎల్‌సీ ప్లేయర్లో జి, హెచ్ మీటలు చాలు. ఒక్కో నొక్కుకు 50 మిల్లీసెకన్లు అటో ఇటో జరుగుతుంది. ఫ్రేముల గొడవకు ఆ మీటలు పనికిరావు, సినిమా అంతా నొక్కుతూ కూర్చోవాల్సి వస్తుంది. సబ్‌టైటిల్ ఎడిట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిచి, ఫ్రేమ్ రేటు మార్చే చోట 24 నుంచి 25కు అని ఇవ్వండి. సమయాలన్నీ 0.96తో గుణించబడతాయి. వీడియో ఫ్రేమ్ రేటు ఎంతో తెలియకపోతే వీఎల్‌సీలో కోడెక్ సమాచారం తెరిస్తే కనిపిస్తుంది. కొన్ని సబ్‌టైటిల్ ఫైళ్లు 23.976 ఫ్రేముల ప్రతికి కొలిచినవి అయి ఉంటాయి, అప్పుడు 24కు బదులు ఆ అంకె వేయాలి. మార్చాక మూడు చోట్ల సరిచూడండి: మొదటి మాట, పరుగు ఆగిన చోటు, చివరి మాట. మధ్యలోనే తేడా వస్తే రెండు ప్రతుల్లో ఎక్కడో ఒక దృశ్యం కత్తిరించి ఉందన్నమాట. ఆ చోటు నుంచి కింది వరుసలను మాత్రం జరపాలి.

ఇక అక్షరాలు. ఫైలును సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 ఎంచుకోకపోతే తెలుగంతా ప్రశ్నార్థకాలుగా మారుతుంది. ఒకసారి అలా సేవ్ అయ్యాక తిరిగి రాదు, అసలు ప్రతి వేరే దాచుకోండి. మీకు ప్రశ్నార్థకాలు రాలేదు, ‘స్త్రీ’ అన్నది స్, త్, రీ అని విడిపోయి వచ్చింది. అంటే ఎన్‌కోడింగ్ బాగానే ఉంది, ఒత్తులను కూర్చే పని చేయలేని ప్లేయర్ వాడారు. పెన్‌డ్రైవ్ నేరుగా టీవీకి గుచ్చితే ఎక్కువగా జరిగేది ఇదే. ల్యాప్‌టాప్‌లో వీఎల్‌సీతో నడిపి హెచ్‌డీఎంఐ తీగతో ప్రొజెక్టరుకు ఇవ్వండి. ఫాంటుగా నోటో సాన్స్ తెలుగు, మండలి వంటివి పెట్టుకోండి. వరుసల మధ్య ఎడం చాలకపోతే పై వరుస ఒత్తులు కింది వరుస తలకట్ల మీద పడతాయి. అలాంటప్పుడు సైజు తగ్గించడం కంటే మాటలు తగ్గించి ఒకే వరుస చేయడం మంచిది. రెండు వరుసలకు మించవద్దు. వరుసకు ఐదారు మాటలు చాలు. నిండా ఉన్న రెండు వరుసలు ఆరు సెకన్ల దాకా నిలవాలి. సరిపోయిందో లేదో వెనక వరుసలో కూర్చుని, సినిమా చూడనివారితో చదివించి తెలుసుకోండి.

మూడోది మీరు అడగనిది. ఫోటోలో బొమ్మ తెర నిండా సాగి ఉంది. దయచేసి అలా వేయకండి. ఈ సినిమా చట్రం వెడల్పు ఎత్తుకు 1.37 రెట్లు. ఇప్పటి తెరలు 1.78 రెట్లు. సాగదీస్తే మనుషులు 30 శాతం లావవుతారు. బక్క తోతో కాస్తా బొద్దుగా తేలతాడు, అతనికీ ఫబ్రీజికీ తేడా లేకపోతే పరుగు సన్నివేశంలో ఇంకేం మిగులుతుంది? సాగదీయకుండా పెద్దది చేసి నింపితే పైనా కిందా కలిపి దాదాపు 23 శాతం బొమ్మ పోతుంది. ముందు పోయేవి కాళ్లే. 8 అడుగుల వెడల్పు తెర మీద సరైన బొమ్మ సుమారు 6 అడుగుల 2 అంగుళాలు ఉండాలి, రెండు పక్కలా తలో 11 అంగుళాల నలుపు మిగలాలి. ఆ నలుపును చూసి ప్రేక్షకులు అడిగితే రెండు ముక్కల్లో చెప్పండి, ఐదు నిమిషాల్లో మరిచిపోతారు. ప్రొజెక్టరు, వీఎల్‌సీ రెండింటిలోనూ ఆకార నిష్పత్తి ‘డిఫాల్ట్’ లేదా ‘ఆటో’లో ఉందో లేదో చూసుకోండి. చాలాసార్లు ఒకటి సరిచేసి రెండోది మరిచిపోతారు.

ప్రశ్న: పెదవులకూ మాటకూ కుదరడం లేదు. నా దగ్గరున్న ప్రతి చెడిపోయిందా? (ఒక పాఠకుడు, కాకినాడ)

తలుపు వేసిన చప్పుడో, తుపాకి పేలిన చప్పుడో చూడండి. అవి బొమ్మతో కలిసి వస్తుంటే ప్రతి బాగానే ఉంది. ఆ కాలపు ఇటాలియన్ సినిమాల్లో మాటలు తర్వాత స్టూడియోలో చేర్చడం మామూలు. పెదవుల దగ్గర కాస్త అటూ ఇటూ అవుతుంది, దాన్ని దిద్దబోతే మిగతా శబ్దాలు తప్పుతాయి. చప్పుళ్లు కూడా తప్పితేనే వీఎల్‌సీలో జె, కె మీటలతో శబ్దాన్ని జరపండి.

ప్రశ్న: ఇంగ్లీషు సబ్‌టైటిళ్ల నుంచి తెలుగు చేస్తున్నాను. ‘యూ’ అని ఉన్నచోట పోలీసు దొంగను ‘నువ్వు’ అనాలా, ‘మీరు’ అనాలా? యాసల సంగతేమిటి? (అనువాదకురాలు, హైదరాబాద్)

ఇంగ్లీషు ఫైలు మీకు ఈ ప్రశ్నకు జవాబివ్వదు, చెవి ఇస్తుంది. ఇటాలియన్‌లో ‘తు’ అంటే మన ‘నువ్వు’. ‘లేయి’ మర్యాద. దక్షిణాదివారి నోట ‘వోయి’ కూడా మర్యాదగానే వస్తుంది. ఇంగ్లీషులో మూడూ ఒకే మాటలో కలిసిపోయాయి, మన భాషలో మళ్లీ విడదీయవచ్చు. తెలుగువారికి ఇదో వరం. భాష రాకపోయినా ఈ మూడు మాటలూ పట్టుకోవడం గంట పని. ఒక్కో సన్నివేశం వింటూ కాగితం మీద ఎవరు ఎవరిని ఏమన్నారో గీతలు గీసుకోండి. పోలీసు కదా అని అలవాటుగా ‘ఒరేయ్’ పెట్టేయకండి. ‘ఒరేయ్’తో మొదలైన ఇద్దరిని చివర్లో ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టడం మీకే కష్టమవుతుంది.

యాసల విషయంలో మా సలహా గట్టిగానే ఉంటుంది. తోతోది నేపుల్స్ పలుకు, ఫబ్రీజిది రోమ్ పలుకు. దానికి సాటిగా దొంగకు మన ప్రాంతాల్లో ఏదో ఒక యాస తగిలించడం తప్పు. ఆ ప్రాంతంవారిని నొప్పిస్తుంది, సినిమాలో లేని అర్థం తెస్తుంది. తేడా మాటల పొడవులో చూపండి. ఎస్పొజితోకు మెలికలు తిరిగే పొడుగు వాక్యాలు, నడుమ పెద్దమనిషి తరహా మాటలు. బొత్తోనికి తెగిపోయే చిన్న వాక్యాలు.

‘ఎస్పొజితో’ అన్న ఇంటిపేరుకు వివరణ తెర మీద ఇరికించవద్దు, ప్రదర్శనకు ముందు పంచే కాగితంలో రాయండి. నేపుల్స్‌లో అనాథాశ్రమం గడప దగ్గర వదిలేసిన పసివాళ్లకు ఒకప్పుడు పెట్టిన పేరది. కన్నవాళ్లెవరో తెలియని వంశం నుంచి వచ్చిన పేరున్న మనిషి తన ఇంటిని నిలుపుకోవడానికి పడే తంటాలు ఇటాలియన్ ప్రేక్షకుడికి వేరేగా తగులుతాయి.

ప్రశ్న: ఇంత సాధువైన సినిమాకు సెన్సార్ ఇబ్బంది ఎందుకొచ్చింది? (ఒక పాఠకుడు, విశాఖపట్నం)

పోలీసునూ దొంగనూ ఒకే తూకంలో వేసినందుకు. యుద్ధం ముగిసి ఆరేళ్లు, ఊళ్లో చాలామందికి పని లేదు. అధికార యంత్రాంగానికి పోలీసు అంటే నిటారుగా నిలబడ్డ యూనిఫారంగా కనిపించాలి. వగరుస్తూ కూలబడి, ఉద్యోగం పోతుందని వణికి, దొంగ కుటుంబంతో కలిసి భోజనం చేసే పోలీసు వాళ్లకు మింగుడుపడలేదు. అప్పట్లో సినిమా వ్యవహారాలు చూస్తున్న ఉపమంత్రి జూలియో అంద్రెయోత్తి పేదరికం చూపే చిత్రాలంటే బాహాటంగా చిరాకుపడేవాడు. ఏదేమైనా సినిమా బయటికొచ్చింది. 1952 కాన్ సినిమా ఉత్సవంలో స్క్రీన్‌ప్లే బహుమతి పియెరో తెల్లినికి దక్కింది. తోతోకు అదే ఏడాది ఇటలీలో ‘నాస్త్రో దర్జెంతో’ ఉత్తమ నటుడి పురస్కారం వచ్చింది. అప్పటిదాకా అతన్ని గంతులేసే విదూషకుడిగా చూసినవారు నటుడని ఒప్పుకున్నది ఈ సినిమాతోనే.

ప్రశ్న: తోతో ఎప్పుడైనా పోలీసు వేషం వేశాడా? ఇదయ్యాక ఏం చూడాలి? (ఇద్దరు పాఠకులు, ఖమ్మం, బెంగళూరు)

వేశాడు. 1955లో వచ్చిన ‘తోతో ఎ కరొలీనా’. దర్శకుడు మొనిచెల్లి ఒక్కడే. తోతో ఇందులో కక్కవల్లో అనే మామూలు కానిస్టేబుల్. పొరపాటున పట్టుకొచ్చిన కరొలీనా అనే అమ్మాయి ప్రాణం తీసుకోబోతే, ఆమెను సొంతూరు చేర్చిరమ్మని ఇతన్ని జీపులో పంపుతారు. ఊళ్లో ఎవరూ ఆమెను ఇంట్లోకి రానివ్వరు. సెన్సార్ దీన్ని మొదటిదానికంటే చాలా ఎక్కువ నరికింది. లారీలో వెళ్తున్న కార్మికులు పాడే ఎర్రజెండా పాటను తీయించి, మొదటి ప్రపంచ యుద్ధకాలపు దేశభక్తి పాట పెట్టించారు. ఆ లారీ దగ్గర పాట అతకనట్టు తోస్తే కారణం అదే. దొరికితే పునరుద్ధరించిన ప్రతి చూడండి.

ఆ తర్వాత 1959 నాటి ‘ఇ తర్తస్సాతి’. దర్శకుడు స్తెనో. తోతో పన్ను ఎగ్గొట్టే బట్టల వ్యాపారి, ఫబ్రీజి పన్నుల అధికారి. మళ్లీ అదే జంట, మళ్లీ అదే దాగుడుమూతలు. దానికంటే ముందు 1958 నాటి ‘లా లెజ్జె ఎ లెజ్జె’ చూస్తే మేలు. ఫ్రాన్స్, ఇటలీ సరిహద్దు మధ్యగా పోయే ఊళ్లో తోతో దొంగరవాణాదారు, ఫ్రెంచి నటుడు ఫెర్నాందెల్ కస్టమ్స్ ఉద్యోగి. ఈ రెండింటికీ చట్రం కొలత ముందుగా కనుక్కుని, పైన చెప్పిన లెక్క ప్రకారమే తెర సరిచేసుకోండి.